గుంటూరు–బీబీనగర్ లైన్: స్టాపులు తీసేస్తే బండ్లు వేళకు వస్తాయా?

నల్గొండ ప్రయాణికుడు:
గుంటూరు నుంచి బీబీనగర్ దాకా 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు, అంటే ఉన్న ఒక్క పట్టా పక్కన రెండోది వేయడానికి, కేంద్ర కేబినెట్ 2023 ఆగస్టులో ఒప్పుకుంది. అది పూర్తయ్యేదాకా మనం ఇలాగే ఎదురుచూడాలా? హైదరాబాద్ నుంచి కాజీపేట మీదుగా చుట్టూ తిరిగే కంటే ఈ దారిన గుంటూరు దాదాపు వంద కిలోమీటర్లు దగ్గర. కరెంటు ఇంజిన్లూ వచ్చాయి. అయినా ప్రయాణం నత్తనడకే. ఎక్స్‌ప్రెస్‌లకు చిన్న ఊళ్లలో స్టాపులు తీసేస్తే ఆగినచోటల్లా ఐదు నిమిషాలు మిగులుతాయి. ఈ పని రేపే చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు.

సత్తెనపల్లి నుంచి:
చిన్న ఊళ్లు అంటే ఏవండీ? మాదీ, పిడుగురాళ్లా, నడికుడీనా? మా అమ్మను హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే రైలే దిక్కు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అన్ని గంటలు బస్సులో కూర్చోలేదు, దారిలో బాత్రూం అవసరం ఉంటుంది. ఆ స్టాపు మీకు ఐదు నిమిషాలు, మాకు ప్రయాణమే.

రిటైర్డ్ స్టేషన్ మాస్టర్:
ఇద్దరూ చెప్పినవి చదివాను. స్టాపు తీస్తే ఆ ఐదు నిమిషాలు మిగలవు, అదీ అసలు సంగతి. సింగిల్ లైన్లో రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక్క బండే ఉండాలి. ఎదురుబండి వస్తోందంటే మీ బండి లూప్ లైన్లోకి, అంటే స్టేషన్లో ఉండే పక్క పట్టా మీదికి మళ్లాలి. మళ్లేటప్పుడు ముప్పై కిలోమీటర్ల వేగం, పట్టా మారే చోట పాత పాయింట్లయితే పదిహేనే. తర్వాత ఆగాలి. ఎదురుబండి దాటాక ముందు స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి తీసుకుని, సిగ్నల్ ఇచ్చాక మళ్లీ మొదటినుంచి వేగం అందుకోవాలి. ఇలా ఎదురుబండిని దాటించే ఒక్క క్రాసింగ్‌కు పావుగంట ఇట్టే పోతుంది. మీరు ఐదు నిమిషాలు ముందొచ్చినా ఎదురుబండి రాకపోతే అక్కడే నిలబడాలి. మిగిలిన నిమిషాలు ఆ లూప్ లైన్లోనే పోతాయి.

దీనికి తోడు గూడ్స్ బండ్లు. విష్ణుపురం చుట్టుపక్కల సిమెంటు, దామరచర్ల థర్మల్ కేంద్రానికి బొగ్గు, అన్నీ ఈ ఒక్క పట్టా మీదే. ఒక బండి ఆలస్యమైతే దానికి క్రాసింగ్ పడే ప్రతి బండికీ ఆ ఆలస్యం అంటుకుంటుంది.

నల్గొండ ప్రయాణికుడు:
మాస్టారూ, మరి తిరుపతి వందేభారత్ ఇదే లైన్ మీద 2023 ఏప్రిల్ నుంచి నడుస్తోంది కదా. దానికెలా కుదిరింది? స్టాపులు తక్కువనే కదా?

రిటైర్డ్ స్టేషన్ మాస్టర్:
అది ఒక కారణం, కాదనను. కానీ దానికి దారివ్వడానికి మిగతా బండ్లు పక్కన నిలబడతాయి. అన్నిటికీ స్టాపులు తీసేస్తే ఎవరు ఎవరికి దారిస్తారు?

ఇంకోటి. మీ బండి గమ్యానికి ముందు స్టేషన్ నుంచి చివరి స్టేషన్‌కు టైంటేబుల్‌లో ఎన్ని నిమిషాలు ఇచ్చారో చూడండి. అదే దూరానికి తిరుగు ప్రయాణంలో ఎన్ని ఇచ్చారో పోల్చండి. చాలా బండ్లకు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి పెట్టిన సమయం అది. దారిలో నలభై నిమిషాలు లేటైనా చివర్లో వేళకు చేరినట్టే లెక్క. మధ్యలో దిగే సత్తెనపల్లి వాళ్ల ఆలస్యం ఆ లెక్కలోకి రాదు. ముందు మిర్యాలగూడలో, పిడుగురాళ్లలో కూడా సమయపాలన లెక్కకట్టమని అడగాలి.

మిర్యాలగూడ నుంచి:
డబ్లింగ్ ముక్కలు ముక్కలుగా తెరవచ్చు కదా సార్? విజయవాడ–భీమవరం వైపు 221 కిలోమీటర్లూ అలాగే ముక్కలుగా వాడకంలోకి తెచ్చారు.

రిటైర్డ్ స్టేషన్ మాస్టర్:
తప్పకుండా. లైన్ మధ్యలో వరసగా నాలుగు స్టేషన్లకు రెండో పట్టా పడితే చాలు, అక్కడ క్రాసింగ్‌లు ఆగకుండానే అయిపోతాయి. నేనైతే గూడ్స్ ఎక్కువున్న మిర్యాలగూడ–విష్ణుపురం ముక్క ముందు అడుగుతాను. విష్ణుపురం, పొందుగుల మధ్య కృష్ణ మీద రెండో వంతెనకు టైం పడుతుంది. దాని కోసం మిగతావి ఆపకూడదు.

నల్గొండ ప్రయాణికుడు:
స్టాపుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒకే రాత్రి ఒకదాని వెనక ఒకటి వెళ్లే బండ్లన్నీ ఒకే ఊళ్లో ఆగాలా అన్న అనుమానం మాత్రం పోలేదు.

సత్తెనపల్లి నుంచి:
అది పంచుకోవచ్చు అన్నా. ఒకటి మా దగ్గర ఆగితే ఇంకోటి పిడుగురాళ్లలో ఆగనీ. పగటి బండి మాత్రం తీయొద్దు, ఆస్పత్రికి వెళ్లేది అందులోనే.