నమకం రికార్డింగు విని నేర్చుకోవచ్చా, గురువు దగ్గర సంత తప్పదా?

గోదారిగట్టు:
శివాభిషేకంలో చెప్పే వేదమంత్రాలు నమకం, గురువు చెబుతుంటే తిరిగి అని నేర్చుకోవడం సంత. శివరాత్రి దగ్గర పడితే ప్రతి ఏడూ వచ్చే ప్రశ్నే, ఈసారి తేల్చుకుందాం. స్వరంతో రికార్డింగులు ఫోన్లో ఉన్నాయి, స్వరాల గీతలు వేసిన పుస్తకాలూ ఉన్నాయి. చెవి బాగున్నవాడికి ఇవి చాలవా? ‘గురుముఖతః’ అనేది విద్యకు అవసరమా, లేక మర్యాద కోసమా?

పదక్రమం:
చాలవండి. మొదటి మాట దగ్గరే చూద్దాం: ‘నమస్తే రుద్ర మన్యవ’. అక్షరం కింద అడ్డగీత అనుదాత్తం (కింది స్వరం), మీద నిలువు గీత స్వరితం (పై స్వరం). గీత లేకపోతే ఉదాత్తం (మధ్య స్వరం) అనుకుంటారు, అది సగమే నిజం. ‘న’ ఉదాత్తం, ‘మ’ స్వరితం. ఆ తర్వాత ‘స్తే’, ‘రు’, ‘ద్ర’ మూడింటికీ గీత లేదు, అయినా అవి ఉదాత్తాలు కావు. స్వరితం వెనక నడిచే ప్రచయం అది. పలికేటప్పుడు స్థాయి ఒకటే కాబట్టి రికార్డింగులో తేడా వినపడదు. పదపాఠానికి (సంధి విడదీసి పదం పదంగా చెప్పడానికి) రండి: ‘నమః, తే, రుద్ర’. ‘తే’ కిందా, ‘రుద్ర’ రెండక్షరాల కిందా గీతలు వచ్చేస్తాయి. విని పట్టినవాడు అక్కడ ఆగిపోతాడు.

ఉచ్చారణ గ్రంథం పాణినీయ శిక్ష చెప్పిన ఆరుగురు పాఠకాధముల్లో ‘లిఖితపాఠకుడు’ (రాసింది చూసి చదివేవాడు) ఒకడని ఊరికే అనలేదు.

చెవిమాట:
పదక్రమం గారూ, ఇంట్లో అభిషేకానికి నమకం చెప్పుకునేవాడు పదపాఠం జోలికే పోడు. వాడికి మీరు చూపించిన చిక్కు రాదు. పైగా ఆ శ్లోకం సగమే ఎత్తారు. రాగం తీసేవాడు, పరుగు పెట్టేవాడు, తల ఊపేవాడు, గొంతు చాలనివాడు, వీళ్లతోపాటు ‘అనర్థజ్ఞుడు’ (అర్థం తెలియనివాడు) కూడా అధముడే. సంత చెప్పేచోట ఎంతమందికి అర్థం చెబుతున్నారు?

ఇంకో మాట. ఆడవాళ్లకీ, చాలా కులాలవాళ్లకీ సంత చెప్పేవారు దొరకడమే కష్టం. తలుపు వేసేసి, కిటికీలోంచి ఎందుకు విన్నావంటే ఎలా?

పదక్రమం:
అర్థం సంగతి, తలుపు సంగతి ఒప్పుకుంటున్నాను. ఆ తప్పు మాదే.

కానీ రికార్డింగుకి నోరుంది, చెవి లేదు. సంత ఎందుకలా కట్టారో చూడండి. గురువు ముక్క ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. మొదటిసారి గురువు గొంతు ఇంకా చెవిలో ఉంటుంది, ఎవరైనా సరిగానే అంటారు. రెండోసారికి అది కరిగిపోయి సొంత అలవాటు బయటపడుతుంది. గురువు పట్టుకునేది అక్కడే. ముక్కలు అతికి పాదం, పాదాలు అతికి పనస (ఏభై పదాలు). తప్పు ముక్కలో ఉండగా దిద్దితే నిమిషం పని. పనస వల్లె అయ్యాక దిద్దాలంటే వారాలు.

పట్టుబడేవి సాధారణంగా ఇవి. ‘మన్యవ’లో ‘మ’ కిందికి దిగకపోవడం. ‘నమః పార్యాయ’లో విసర్గ పకారం ముందు పెదవుల మీదికి రావాలి, తెలుగువాళ్లం ‘నమహ పార్యాయ’ అంటాం. నమకం తర్వాత చెప్పే చమకంలో ‘మృత్తికా చ మే’ అన్నచోట ‘కా’ రెండు మాత్రలు. ‘చ మే’ ‘చ మే’ అంటూ వేగం పెరిగితే అది ఒకటే అవుతుంది, అన్నవాడికి తెలియదు. నమకంలో అయితే ఒకే పోలిక మాటల వల్ల ఒక అనువాకం (విభాగం) లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతారు.

తైత్తిరీయ ఉపనిషత్తులోని శీక్షావల్లి దీన్ని వ్యాకరణం మాటల్లోనే చెప్పింది: ఆచార్యుడు పూర్వరూపం (ముందు అక్షరం), అంతేవాసి అంటే శిష్యుడు ఉత్తరరూపం (వెనక అక్షరం), విద్య సంధి, ప్రవచనం (పాఠం చెప్పడం) సంధానం (రెంటినీ కలిపేది). ‘నమః’ పక్కన ‘తే’ చేరితేనే విసర్గ సకారమైంది. విడివిడిగా ఎంతసేపు ఉంచినా కాదు.

చెవిమాట:
సంధానం ప్రవచనం అంది, ఒకే గది అనలేదుగా! జూమ్‌లో ఎందుకు కుదరదు?

తూర్పుతీరం (న్యూజెర్సీ):
కుదురుతుంది, కొన్ని చూసుకోవాలి. జూమ్‌లో అందరూ కలిసి అనలేరు, గొంతులు వెనకాముందూ చేరతాయి. ఒక్కొక్కరే అనాలి, మిగతావాళ్లు మ్యూట్. అందుకని నలుగురైదుగురికి మించొద్దు. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టకపోతే నాయిస్ తగ్గించే ఏర్పాటు సాగదీసిన దీర్ఘాన్నీ, మెల్లని విసర్గనీ మింగేస్తుంది. అప్పుడు గురువుగారు లేని తప్పు దిద్దుతారు. స్పీకరు వద్దు, వైరున్న ఇయర్‌ఫోన్ వాడండి. పెదవులు కనపడేలా కెమెరా.

గోదారిగట్టు:
అయితే రికార్డింగుతో పనే లేదంటారా?

పదక్రమం:
ఉంది, కానీ ముందు కాదు. సంత అయిన ముక్కకే వినండి, వల్లెకి తోడుగా. అదీ మీ గురువు గొంతే అయితే మేలు, వేరేవారి బాణీ కలిస్తే రెండూ చెడతాయి. వారానికోసారి మీరు అన్నది రికార్డు చేసి ఆయనకు పంపండి. మొదటి అనువాకం పుస్తకం మూసి మూడుసార్లు తడబడకుండా వచ్చేదాకా రెండోది మొదలెట్టకండి.