బదులు కూలి లెక్క, ఉమ్మడి స్ప్రేయరు: 12 ఇళ్ల మధ్య ఎలా రాసుకోవాలి?

బోరుకింద_వరి:
మా వాడలో 12 ఇళ్లవాళ్లం ఈ వానాకాలం నాట్లు, కలుపుతీత పనులు బదులు కూలితోనే (డబ్బులివ్వకుండా ఒకరి పొలంలో ఒకరం పనిచేసి తీర్చుకోవడం) చేసుకుందామనుకుంటున్నాం. అందరివీ కలిపి 20 ఎకరాల వరి. నాలుగిళ్లకు పత్తి కూడా ఉంది, రెండిళ్లకు అసలు భూమే లేదు. ఎకరం ఉన్నవాళ్లకూ మూడెకరాలున్నవాళ్లకూ లెక్క ఎలా కుదురుతుంది? నోటి లెక్క మీద పోతే నాట్లు అయ్యేలోపే మాటలొస్తాయని భయం. తలా ఇంత వేసుకుని పెట్రోలు స్ప్రేయరు ఒకటి కొందామంటున్నారు. దాన్నీ ఇదే పుస్తకంలో రాయొచ్చా?

పద్దుపుస్తకం:
అందరూ సున్నాతో మొదలుపెట్టండి. మీ పొలంలో బయటివాళ్లు 11 మంది నాటేస్తే మీ ఇంటి మీద బాకీ 11, వచ్చిన ఒక్కో మనిషికి వాళ్ల ఇంటి పేరున జమ 1. అరరోజుకు అర. జమలన్నీ ఒకపక్క, బాకీలన్నీ ఒకపక్క కూడితే ఎప్పుడూ సమానం రావాలి. రాకపోతే ఆ రోజు పద్దులోనే తప్పుంది. సాయంత్రం గట్టు మీద కూడితే ఐదు నిమిషాల్లో దొరుకుతుంది, వారం దాటితే ఎవరికీ గుర్తుండదు. రాసేది ఆ రోజు పొలం ఎవరిదో వాళ్లు మాత్రం కాకూడదు.

ఇక ఎకరాల తేడా. ఎకరం నాటుకు 10 నుంచి 12 మందికి ఒక రోజు పడుతుంది. రోజుకు 12 మందితో ఎకరం చొప్పున పోతారనుకోండి. మూడెకరాలున్న ఇంట్లో నాటేసే మనిషి ఒక్కరే అయితే ఆ ఇంటికి బయటివాళ్ల పని 33 అవుతుంది. ఆ ఒక్కరు మిగతా 17 ఎకరాలకు ఒక్కరోజు కూడా మానకుండా పోయినా తీరేది 17. ఇంకా 16 బాకీ. ఇందులో ఎగ్గొట్టే బుద్ధేమీ లేదు, లెక్కే అంత. అదే ఇంట్లో ఇద్దరుంటే తీసుకునేది 30, ఇచ్చేది 34, దాదాపు సరిపోతుంది. అందుకే ప్రతి ఇంటికీ ఎకరాలు, చేతులు చూసి ఈ లెక్క ముందే వేయండి. బాకీకి 15 హద్దు పెట్టి, ఆపైన అయ్యే పనికి ఏరోజుకారోజు కూలి డబ్బులు ఇప్పించండి. జమకూ అంతే హద్దు ఉండాలి. 30 జమ ఉండి పిలిపించుకోవడానికి పొలంలో పని లేని ఇంటికి ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

భూమి లేని రెండిళ్లనూ ఈ పుస్తకంలోకి లాగొద్దు. మనం తిరిగి పనికి వెళ్లడానికి వాళ్లకు పొలం లేదు కాబట్టి వాళ్ల జమ ఎన్నటికీ ఖర్చు కాదు. అంటే కూలికి బతికేవాళ్ల దగ్గర భూమి ఉన్నవాళ్లు వడ్డీ లేని అప్పు తీసుకున్నట్టే. వాళ్లకు వారం వారం డబ్బులే ఇవ్వాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పడకండి.

మిగిలిన బాకీలు వడ్ల డబ్బు ఖాతాలో పడ్డాక తీర్చుకోండి. ఏ రేటుకు తీర్చాలో నాట్లు మొదలయ్యే రోజే మొదటి పేజీలో రాసి అందరిచేతా సంతకాలు పెట్టించండి. నాట్లు ముమ్మరమైనకొద్దీ ఊళ్లో కూలి పెరుగుతుంది, చివర్లో 'ఏ రోజు రేటు' అనే గొడవ అక్కడే పుడుతుంది. నారు పీకి పంచే మగవాళ్ల రోజు, నాటేసే ఆడవాళ్ల రోజు రెండూ ఒకటే అని కూడా అదే పేజీలో రాయండి.

పిచికారీ_శీను:
స్ప్రేయరుకు వేరే పుస్తకం పెట్టండి. బదులు కూలితో పెట్రోలు రాదు, వాషర్లు రావు. ఎకరానికి 200 లీటర్ల మందునీళ్లంటే 20 లీటర్ల ట్యాంకులు 10. 20 ఎకరాలకు ఏడాదిలో రెండుసార్లు కొడితే 400 ట్యాంకులు, మూడేళ్లకు 1,200. రూ. 12,000 పెట్టి కొన్నారనుకుంటే అసలు రాబట్టడానికి ట్యాంకుకు రూ. 10, రిపేర్లకు ఇంకో రూ. 5. మొత్తం రూ. 15 ఉమ్మడి డబ్బాలో పడాలి. పెట్రోలు ఎవరికి వారే ఇస్తారు, కానీ కలపడం మాత్రం ఒకే చోట జరగాలి. టూ స్ట్రోక్ ఇంజనైతే 2టి ఆయిల్ కలపని పెట్రోలు ఒక్కసారి పోసినా పిస్టన్ పట్టేస్తుంది. కంపెనీ చెప్పిన పాళ్లలో (చాలావాటికి లీటరుకు 40 మి.లీ.) కలిపిన క్యాను ఒకటి స్ప్రేయరుతోపాటే ఉంచండి.

అసలు ప్రమాదం పత్తి ఉన్న నాలుగిళ్లకు. వరిలో కలుపుకు 2,4-డి కొట్టిన ట్యాంకును ఉత్త నీళ్లతో కడిగేసి మర్నాడు పత్తిలో పురుగుమందుకు వాడితే, కొన్నాళ్లకు కొత్త చిగుర్లు బెండాకుల్లా సన్నగా చీలి వస్తాయి. మందు ట్యాంకులో కంటే పైపు రబ్బరులో, ఫిల్టరులో, నాజిల్ వాషర్లలో పట్టుకుని ఉంటుంది, పైపైన కడిగితే పోదు. కలుపుమందుకు చేతి స్ప్రేయరు ఒకటి విడిగా కొని ట్యాంకు మీద ఎర్ర రంగు వేయండి. అది పత్తి చేలోకి పోనే పోకూడదు.

బోరుకింద_వరి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక అనుమానం ఇంకా ఉంది. ముందు నాటేయించుకున్నవాళ్లు తమ పొలం అయిపోగానే రావడం మానేస్తే?

కరణంగారి_చిట్టా:
మూడెకరాలవాళ్లవి మూడూ ఒకేసారి నాటకండి. మొదటి విడతలో ఇంటికి ఒక ఎకరం, అందరిదీ అయ్యాక రెండో విడత. ఎక్కువ భూమి ఉన్నవాళ్లకు ఇంకా నాటాల్సింది మిగిలి ఉంటుంది కాబట్టి మానరు, బాకీ కూడా హద్దులోనే ఉంటుంది. ఎకరమే ఉన్నవాళ్లను మొదటి విడతలో చివరికి వేస్తే వాళ్లు ముందే జమలో ఉంటారు. అందులో ముందెవరో చీటీ తీయండి.

అయితే దీనికి నారు కూడా విడతలుగానే పోయాలి. 20 రోజులు సాగే నాట్లకు అందరూ ఒకేరోజు నారు పోస్తే, మొదటి మడికి 25 రోజుల నారు, చివరి మడికి 45 రోజుల నారు పడుతుంది. ముదిరిన నారు సరిగా పిలకలు వేయదు, ఆఖరి ఇంటికి దిగుబడి తగ్గి 'బదులు కూలి వల్లే నష్టపోయాం' అనుకుంటారు. ఐదేసి రోజుల తేడాతో నాలుగుసార్లు పోయండి. ఎవరికైనా జ్వరమొస్తే ఆ బాకీని కలుపు తీతకు జరపండి, నాటిన 20, 25 రోజులకు ఎలాగూ చేతులు కావాలి.

వారానికోసారి ప్రతి ఇంటి అంకెనూ అందరి ముందు పైకి చదవండి. 1983లో కెనడాలోని కోమాక్స్ లోయలో మైకేల్ లింటన్ మొదలుపెట్టిన లెట్స్ (నోట్లు లేకుండా పనులు, వస్తువులు పద్దు మీదే ఇచ్చిపుచ్చుకునే) పద్ధతిలోనూ సభ్యుల జమాబాకీలు మిగతా సభ్యులు చూడొచ్చన్నదే నియమం. బాకీ 12కు చేరిందని తెలిస్తే ఆ ఇంటివాళ్లను ముందు పిలుస్తారు, 15 దాకా పోనివ్వరు.