మైలు దూరంలో ప్లేట్ తగలడం లేదు, రైఫిల్ మార్చాలా?

గుంటూరు_మిర్చి (డాలస్):

అందరికీ నమస్తే. నాది 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్, 22 అంగుళాల బ్యారెల్ (గొట్టం), 140 గ్రెయిన్ (తొమ్మిది గ్రాముల గుండు) ఫ్యాక్టరీ రౌండ్లు (తూటాలు). వెయ్యి గజాల దగ్గర రెండడుగుల స్టీల్ ప్లేట్‌ని పదికి ఏడుసార్లు కొడతాను.

పోయిన శనివారం ఫ్రెండ్ వాళ్ళ రాంచ్‌లో మైలు దూరాన, అంటే 1760 గజాల దగ్గర, మూడడుగుల ప్లేట్ పెట్టాం. నలభై రౌండ్లు కాల్చితే ఒక్కటి తగిలింది. అది కూడా ఎందుకు తగిలిందో తెలీదు. గుండు ఎంత కిందికి పడుతుందో లెక్కగట్టే యాప్ చెప్పినట్టే స్కోప్ తిప్పాను, గాలి మీటర్ చూసుకున్నాను. ముప్పై రౌండ్లయ్యేసరికి మెడ పట్టేసింది. "ఇంకా ఎన్ని డాలర్లు మట్టిలో పోస్తావు" అని మా ఆవిడ కార్లోంచి ఒకటే అడగడం.

ఇంతకన్నా బలమైన తూటా కాల్చే రైఫిల్, .300 మాగ్నం కొందామా అని ఆలోచన. అవసరమంటారా?

(వెయ్యి గజాల దగ్గర కూడా యాప్ లెక్కకన్నా కాస్త కిందే పడతాయి. స్కోప్ మీటని మూడు క్లిక్కులు ఎక్కువ తిప్పితే సరిపోతోంది.)

ఎడారి_నక్క (ఫీనిక్స్):

తమ్ముడూ, చివర్న బ్రాకెట్లో పడేశావు చూడు, అసలు రోగం అదే. యాప్‌లో తూటాల డబ్బా మీద రాసిన గుండు వేగం వేసుంటావు. అది సాధారణంగా 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచింది. నీది రెండంగుళాలు పొట్టి. సెకనుకు యాభై అడుగులు తగ్గిందనుకో, వెయ్యి గజాల దగ్గర అడుగు తేడా. దాన్ని క్లిక్కులతో సర్దేశావు. మైలు దగ్గర అదే ఐదడుగులవుతుంది. నీ గుళ్ళన్నీ ప్లేట్‌కి ముందే మట్టి తిన్నాయి. ముందు ఎవరిదైనా క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) అరువు తెచ్చి పది రౌండ్లు కొలువు.

ఇక గాలి. నీ మీటర్ చెప్పేది నీ చెయ్యి దగ్గర గాలి. గుండు దారి మధ్యలో మూడంతస్తుల మేడను దాటేంత పైకి పోతుంది, అక్కడి గాలి వేరు. గంటకు ఒక్క మైలు తప్పు లెక్కేసినా రెండడుగులు పక్కకి పోతుంది. నేనైతే స్కోప్ ఫోకస్‌ని ప్లేట్‌కి కాస్త ఇవతలికి తెచ్చి ఎండమావి ఎటు పారుతోందో చూస్తాను, గాలి అటే. నిలువుగా ఉడుకుతున్నట్టుంటే గాలి ఎటో తెలీదు, కాల్చకుండా చెయ్యి కట్టుకుని కూర్చుంటాను.

భూభ్రమణం లెక్క ఎవరో ఒకరు ఎత్తుతారు. నీ దగ్గర అది మైలుకి గుండుని కుడికి జరిపేది ఎనిమిది అంగుళాలు. యాప్‌లో ఉంటుంది, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. న్యూ మెక్సికోలో కింగ్ ఆఫ్ టూ మైల్స్ అనే దూరపు షూటింగ్ పోటీల్లో కూడా షూటర్ ఒంటరిగా కాల్చడు, గుండు ఎక్కడ పడిందో చూసి చెప్పే స్పాటర్లు పక్కన ఉంటారు. నీ ఫ్రెండ్‌ని ప్లేట్ చూడమనకు, దుమ్ము ఎక్కడ లేచిందో చూడమను. ప్లేట్ వెనక పెద్ద మట్టి గుట్ట ఉంది కదా?

పాత_ప్రోన్ (హైదరాబాద్):

నేను గచ్చిబౌలి రేంజ్‌లో .22 (చిన్న తూటా) రైఫిల్‌తో 50 మీటర్లు కాల్చినవాణ్ణి, మైలు సంగతి నాకు తెలీదు. కానీ ఒక లెక్క వేశాను. మా టార్గెట్‌లో నడిమధ్యన పది పాయింట్ల రింగ్ 10.4 మిల్లీమీటర్లు. అదే కోణం మైలు దగ్గర 33 సెంటీమీటర్లు. మీ ప్లేట్ దానికి దాదాపు మూడింతలు. అంటే గురి మీకు సమస్య కాదండీ.

ఇంకోటి. మా మ్యాచ్ రౌండ్లను కావాలనే ధ్వని వేగం కన్నా తక్కువకి చేస్తారు. ఆ గీత దాటేటప్పుడు గుండు తడబడుతుందని. మీ గుండు దాన్ని దారి మధ్యలో దాటుతుంది కదా?

ఎడారి_నక్క:

కరెక్ట్ బ్రదర్. క్రీడ్‌మోర్‌కి అది దాదాపు 1300 గజాల దగ్గర. మాగ్నం వాళ్ళు డబ్బులు పెట్టేది ఆ గీతని దూరం జరపడానికే.

గుంటూరు_మిర్చి:

అన్నా, కొలిచాను. డబ్బా మీద సెకనుకు 2710 అడుగులు, నాది సగటున 2655. పదింట్లో తక్కువది 2628, ఎక్కువది 2681. ఆ తేడాకే ప్లేట్ దగ్గర ఐదడుగుల ఎత్తూపల్లం వస్తోంది, ప్లేట్ చూస్తే మూడడుగులే! మాగ్నం పక్కన పెట్టాను. అన్నిటి వేగం ఒకేలా ఉండేలా సొంతంగా రౌండ్లు నింపుకోవడం నేర్చుకుంటున్నాను, గ్యారేజీలో మా ఆవిడ కుట్టుమిషన్ పక్కకి జరిగింది.

వెనక గుట్ట ఉందన్నా, అది చూసుకున్నాకే పెట్టాం.

కొత్త వేగం వేసి నిన్న పది కాల్చితే మూడు తగిలాయి. ట్రిగ్గర్ లాగాక టంగుమని వినపడటానికి ఎనిమిది సెకన్లు, ఈలోపు రెండోసారి బోల్ట్ లాగేశాను కూడా. మిగతా ఏడు ఎటు పోయాయంటే చెప్పలేను. ముందురోజు వాన పడింది, దుమ్మే లేవలేదు.