నాన్న 50 నోటు ఇచ్చి చిల్లర ఉంచుకోమంటారు, బిల్లేమో 95. ఏం చేయాలి?

పుణె_హైదరాబాదీ:
మాది చిక్కడపల్లి. నాన్నకి 79, ఆర్టీసీలో అకౌంట్స్ చేసి 2004లో బస్ భవన్ నుంచి రిటైరయ్యారు, అమ్మ పోయాక ఒక్కరే ఉంటున్నారు. నేను పుణెలో. పొద్దున సెంట్రల్ లైబ్రరీలో పేపర్లన్నీ తిరగేసి, అక్కడి నుంచి నడుచుకుంటూ ఒక పాత టిఫిన్ హోటల్‌కి వెళ్తారు. ఇరవై ఏళ్లుగా అదే హోటల్, అదే టేబుల్.

మొన్న దసరాకి వచ్చినప్పుడు నేనూ వెంట వెళ్లా. ఇడ్లీ, వడ, కాఫీ తిన్నాక నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వకుండా గల్లా దగ్గరికి వెళ్లి 50 నోటు ఇచ్చి, "చిల్లర ఉంచుకోవయ్యా" అన్నారు. గల్లా మీద కూర్చున్న పెద్దాయన నమస్కారం పెట్టి తీసుకున్నాడు. గోడ మీద బోర్డు చూస్తే నాన్న ఒక్కరిదే 95, నాదింకా వేరే. అంటే నాన్న లెక్కలో ఇడ్లీ ధర ఎప్పుడో ఆగిపోయింది, పైగా రోజూ టిప్పు ఇస్తున్నానని సంతోషం!

నాన్నని ఇంట్లో దింపి నేనొక్కణ్నే తిరిగి వెళ్లి అడిగా. ఎప్పటి నుంచి ఇలా అంటే ఆయన నవ్వేసి, "మీ నాన్నగారికి మాత్రం చెప్పకండి" అన్నాడు. బాకీ కడతానంటే వద్దన్నాడు. నాకు అసలు నిద్ర పట్టనిది ఆ తర్వాత సర్వర్ చెప్పిన మాట. ఒడిశాలోని గంజాం జిల్లా కుర్రాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. నాన్న వారంలో ఒకట్రెండు సార్లు ఇంటికెళ్లి మళ్లీ గంటలో వచ్చి ఇడ్లీ అడుగుతారట. తిన్నారు కదా సార్ అంటే చిన్నబుచ్చుకుంటారని, ఇడ్లీ అయిపోయిందని చెప్పి అరకప్పు కాఫీ పోసి కూర్చోబెడతారట. వెనక వాయి దిగుతూ ఆవిర్లు కనిపిస్తుంటే కూడా అదే మాట. రోజూ ఫోన్ చేసే నాకు ఈ సంగతి తెలీదు.

ఇప్పుడు వీళ్ల రుణం ఎలా తీర్చుకోవాలి? డబ్బు తీసుకోరు, నాన్నకి తెలియకూడదు.

డబరా_గ్లాసు:
అన్నా, నేను హోటల్ లైన్‌లో పదకొండేళ్లు చేశాను, అందులో నాలుగేళ్లు గల్లా మీదే. బాకీ అనే మాట ఎత్తకండి, ఆయనకి అవమానంగా ఉంటుంది. "నేను ఊళ్లో ఉండను, నెలకి ఇంత మీ దగ్గర ఉంచుతాను, నాన్న తిన్నదాంట్లో కోసుకోండి, పండ్లో మందులో కావాల్సొస్తే తెప్పించండి" అని చెప్పి చూడండి. పాత హోటళ్లలో ఖాతా పుస్తకం ఇంకా ఉంటుంది, అది వాళ్లకి అలవాటైన పద్ధతే. సర్వర్‌కి మాత్రం విడిగా చేతిలో పెట్టండి. బిల్లుతో కలిపి ఫోన్‌లో కొడితే ఓనర్ ఖాతాలో పడుతుంది, వాడిదాకా వస్తుందో రాదో. ఊరికెళ్లే ముందు రైలు టికెట్ తీసిచ్చినా చాలు, మర్చిపోడు. ఇంకోటి, వంట మాస్టర్‌ని వదిలేయకండి. లోపల పొయ్యి దగ్గరుంటాడని అందరూ వదిలేస్తారు.

సికింద్రాబాద్_లోకల్:
ఇంత సీన్ అవసరమా? మిగతా 45 నువ్వు కట్టేయ్, అయిపోయింది. హోటలంటే వ్యాపారం, ఇరవై ఏళ్ల గిరాకీని ఎవడు పోగొట్టుకుంటాడు.

డబరా_గ్లాసు:
@సికింద్రాబాద్_లోకల్ వ్యాపారమే చూసుకుంటే పొద్దున తొమ్మిదింటికి, జనం నిలబడి ఎదురుచూసే టైంలో, ఒక ముసలాయనకి నలుగురు కూర్చునే టేబుల్ ఇవ్వరు బ్రో. ఇప్పుడు కొత్తగా వస్తున్న టిఫిన్ సెంటర్లు చూడు, టోకెన్ తీసుకో, నిలబడి తిను, ప్లేటు నువ్వే తీసెయ్. కుర్చీ కూడా వేయట్లేదు, ఫోన్‌లో డబ్బు కొట్టడం రానివాడు చిల్లర కోసం తిట్లు తినాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కడికెళ్లాలి?

రాంనగర్_అత్తయ్య:
బాబూ, రుణం సంగతి తర్వాత, ముందు మీ నాన్నగారిని డాక్టరుకి చూపించు. తిని మళ్లీ తినలేదనుకోవడం, ధరలు పాతవే గుర్తుండటం, వయసని వదిలేయొద్దు. షుగర్ ఉందా? ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో బి12 తగ్గుతుంది, దానివల్ల కూడా మతిమరుపు వస్తుంది. మా వారికి అదే అయింది, అందుకే చెప్తున్నా. బి12, థైరాయిడ్ మామూలు రక్తపరీక్షలే. అవి బాగానే ఉంటే న్యూరాలజీ డాక్టరు దగ్గరికి, నిమ్స్‌లో కూడా ఆ విభాగం ఉంది. షుగర్ మాత్ర వేసుకున్నాక టిఫిన్ తిన్నారో లేదో కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి, కొన్ని మాత్రలకి తినకపోతే షుగర్ పడిపోతుంది. ఊళ్లో లేని పిల్లలు 14567 నంబరు రాసి పెట్టుకోండి, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. ఆ హోటల్ గల్లా దగ్గర నీ ఫోన్ నంబరు ఇచ్చావా అసలు?

పుణె_హైదరాబాదీ:
ఇవ్వలేదండి. సిగ్గుగా ఉంది కానీ ఆ ఆలోచనే రాలేదు. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ పదిహేనేళ్ల నుంచి వాడుతున్నారు.

పుణె_హైదరాబాదీ (మూడు వారాల తర్వాత):
అడిగినవాళ్ల కోసం రాస్తున్నా. సెలవు పెట్టి మళ్లీ వచ్చాను. బి12 బాగా తక్కువగా ఉందని తేలింది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అదొక్కటే కారణమో కాదో కొన్నాళ్లు చూసి చెప్తామన్నారు డాక్టరు, నేనూ పెద్దగా ఆశలు పెట్టుకోవట్లేదు. అత్తయ్యగారూ, మీకు దండం.

ఖాతా మాట పనిచేసింది. గల్లా పెద్దాయన చాలాసేపు బెట్టు చేసి, చివరికి ఎర్ర అట్ట పుస్తకంలో "ఆర్టీసీ సార్" అని రాసుకుని మూడు వేలు తీసుకున్నాడు. నాన్న పేరేంటో ఆయనకి తెలీదు, ఇరవై ఏళ్లుగా ఆర్టీసీ సారే. నా నంబరు గోడ మీద గ్యాస్ ఏజెన్సీ నంబరు పక్కన రాయించా. కుర్రాడికి బరంపురం టికెట్ తీసిచ్చా, మాస్టర్‌కి చొక్కా.

నిన్న రాత్రి నాన్న ఫోన్‌లో ఆ హోటల్ గురించే చెప్తున్నారు. "ఈ మధ్య పొద్దున పది కూడా కాకముందే ఇడ్లీ అయిపోతోందిరా, గిరాకీ బాగా పెరిగినట్టుంది. పోనీలే, మంచివాళ్లు, నాలుగు రాళ్లు వెనకేసుకోనీ" అన్నారు.