కథ కంచికి వెళ్లకపోతే? అపాచీ కథల మొదటి వాక్యం, చివరి వాక్యం

ప్రశ్న:
అమెరికా ఆదివాసులైన పశ్చిమ అపాచీల చిన్న కథలు కొన్ని పిల్లల పత్రిక కోసం తెలుగు చేస్తున్నాను. ప్రతి కథా ‘ఫలానా చోట జరిగింది’ అని మొదలై, మళ్లీ అదే మాటతో ముగుస్తోంది. ఆ చోట్ల పేర్లేమో వాక్యమంత పొడవు! ‘అనగనగా ఒక ఊళ్లో’ అని ఎత్తుకుని, ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని ముగిస్తే హాయిగా ఉంటుంది కదా? పేర్లను ఏం చేయమంటారు?

జవాబు:
హాయిగానే ఉంటుంది, కానీ కథ పోతుంది. మన ‘ఒక ఊళ్లో’ అన్నది ఏ ఊరో చెప్పదు, చెప్పనక్కర లేదు. చివర కథను కంచికి సాగనంపి మనం నిద్రపోతాం. అపాచీ కథ ఎక్కడికీ పోదు. జరిగిన చోటే ఉంటుంది, విన్నవాళ్లు ఆ దారినే తిరుగుతూ ఉండాలి.

అరిజోనా రాష్ట్రంలో, అపాచీలకు కేటాయించిన ఫోర్ట్ అపాచీ రిజర్వేషన్‌లో సిబిక్యూ అనే ఊరుంది. కీత్ బాసో అనే మానవశాస్త్రవేత్త 1959 నుంచి అక్కడికి వెళుతూ ఆ భాష నేర్చుకున్నాడు. ఆ ఊరి చుట్టుపక్కలే 296 చోట్ల పేర్లు నమోదు చేశాడు. వాటిలో ఒకటి ‘న్దే దహ్ నాజినే’, అంటే మనుషులు పైన అక్కడక్కడా నిలబడి ఉన్నచోటు. దాని కథ ఇది. పూర్వం ఒకడు రిజర్వేషన్ అవతల తెల్లవాడి ఆవును చంపాడు. పోలీసు అతన్ని ఈ చోట పట్టుకుని సైన్యాధికారి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ పోలీసూ అపాచీయే. ఏం కావాలని అధికారి అడిగితే ‘తూటాలు, తిండి’ అన్నాడు తప్ప ఆవు ఊసెత్తలేదు. ఫిర్యాదు చేయమని ఆ రాత్రి కొందరు చెప్పారు. మర్నాడు వెళ్లి, నిన్న పలకరింపూ వీడ్కోలూ చెప్పడం మరిచిపోయానన్నాడు! ఎవరో మాటల మహిమతో అతని బుద్ధిని కట్టేశారు. చివరికి పట్టుకున్న చోటే మనిషిని వదిలేశాడు. కథ మొత్తం ఇంతే. తెల్లవాళ్లలా నడుచుకుని, తనవాడిని పరాయివాడికి పట్టించబోయి నవ్వులపాలైనవాడి కథ.

దీన్ని ఎలా వాడతారో చూడండి. 1977లో, ఒక రజస్వల వేడుకకు ఆడవాళ్లంతా ఆచారం ప్రకారం జుట్టు విరబోసుకుని వస్తే, బయట బోర్డింగ్ స్కూల్లో చదివే ఒక అమ్మాయి జుట్టు ఉంగరాలు తిరగడానికి గులాబీ రంగు ప్లాస్టిక్ రోలర్లు చుట్టుకుని వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండు వారాలకు, పుట్టినరోజు విందులో నలుగురూ కూర్చుని ఉండగా, ఆమె అమ్మమ్మ ఈ పోలీసు కథ చెప్పింది. రోలర్ల మాటే ఎత్తలేదు. అమ్మాయి లేచి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఒంట్లో బాగాలేదా అని బాసో అడిగితే, లేదు, బాణంతో కొట్టాను అన్నదట ఆ పెద్దావిడ. ఇంచుమించు రెండేళ్ల తర్వాత ఆ చోటు ప్రస్తావన వచ్చినప్పుడు అమ్మాయి అన్నమాట: ఆ చోటు తెలుసు, రోజూ నన్ను వెంటాడుతుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ చోటి పేరు తీసేసి ‘ఒక ఊళ్లో’ అంటే ఏం వెంటాడుతుంది?

పేర్ల విషయంలో భయపడకండి, తెలుగుకు ఇక్కడ మంచి సౌలభ్యం ఉంది. ‘తీస్ బిత్లాహ్ తూ ఒలీనే’ అన్న పేరు విప్పుదాం. (గొంతులో ఆపి పలికే ధ్వనులు మన లిపిలో ఇమడవు, క్షమించండి.) తీస్ అంటే కాటన్‌వుడ్ చెట్టు, బిత్లాహ్ దాని అడుగున, తూ నీరు, ఒ లోపలికి, లీ పారు, చివరి నే ‘అలాంటిది’. వరుస ఎక్కడా కదపకుండా ‘కాటన్‌వుడ్ చెట్టు అడుగున నీళ్లు లోపలికి పారేది’ అనవచ్చు. ‘నే’ పని మన ‘పారేది’లోని ‘ది’ చేసిపెడుతోంది. ఇంగ్లీషులో ఈ పేరంతా తలకిందులు చేయాల్సి వస్తుంది.

మరొకరు:
ఆ అమ్మమ్మ చేసిన పనికి మనకు ‘ఎత్తిపొడుపు’ అనే మాట ఉంది కదండీ. బాణం ఎందుకు?

జవాబు:
ఎత్తిపొడిచేవారు ఎవరిని అంటున్నారో అందరికీ తెలియాలనే అంటారు, అందులో కాస్త కసి కూడా ఉంటుంది. ఇక్కడ ఎవరికి తగలాలో వారికే తగిలింది. ‘అన్యాపదేశం’, అంటే ఒకరి మీద పెట్టి మరొకరికి చెప్పడం, దగ్గరగా వస్తుంది గానీ పిల్లల పత్రికలో ఆ మాట పంటికింద రాయి. పైగా వాళ్లు దీన్ని వేట భాషలోనే చెబుతారు, చెప్పేవారు వేటగాడు, కథ బాణం. అలాగే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
సరే, పేర్లు ఉంచేస్తాను. మరి కయోటీ నక్క కథలు రెండు ఉన్నాయి. వాటికీ ఇదే పద్ధతా?

జవాబు:
కాదు. అవి లోకం తొలిరోజుల ముచ్చట్లు, చోటి కథల కోవలోకి రావు, కాబట్టి అక్కడ మీ ‘అనగనగా’ బాగానే నప్పుతుంది. కాకపోతే ఆ కథలను చలికాలం రాత్రిళ్లే చెప్పుకోవాలన్నది సంప్రదాయం. మీది వేసవి సంచిక అయితే వాటిని ఈసారికి ఆపి, పోలీసు కథ వేయండి.