పాలపంటి మూలకణాలు: ఎముక కణాలుగా మారేలోపే పొర ఊడిపోతోంది, ఏం చేయాలి?

పాలపంటి గుజ్జులోని మూలకణాలను ల్యాబ్‌లో పెంచి ఎముక కణాలుగా మార్చే దశలో చిక్కు వచ్చింది. ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఎర్రగా, రక్తప్రసరణ ఉన్న గుజ్జునే తీసుకుంటున్నాం. బూడిదరంగుకు తిరిగింది పనికిరాదు. సన్నగా తరిగి, మి.లీ.కు 3 మి.గ్రా. కొలాజినేజ్, 4 మి.గ్రా. డిస్పేజ్ (రెండూ కణజాలాన్ని విడదీసే ఎంజైములు) కలిపిన ద్రావణంలో 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి, 70 మైక్రాన్ల జల్లెడలో వడకడుతున్నాం. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు, కాలనీలు (కణాల గుంపులు) బాగానే వస్తున్నాయి.

మూడో పాసేజ్ (కొత్త పళ్లెంలోకి మూడోసారి మార్చిన) కణాలను చదరపు సెం.మీ.కు 20,000 చొప్పున వేసి, బావి (కల్చర్ ప్లేటులోని గుంట) అడుగు కణాలతో నిండాక, ఎముకవైపు మళ్లించేందుకు డెక్సామెథాసోన్ 100 నానోమోలార్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్, మి.లీ.కు 50 మైక్రోగ్రాముల ఆస్కార్బేట్ (విటమిన్ సి) ఇస్తున్నాం. మూడు రోజులకోసారి మాధ్యమం (కణాలు పెరిగే పోషక ద్రవం) మారుస్తున్నాం. రెండు వారాలు దాటాక కణాల పొర అంచు దగ్గర లేచి, ఎండుటాకులా చుట్టుకుని, మధ్యలో ముద్దయిపోతోంది. 21వ రోజు అలిజరిన్ రెడ్ (కాల్షియం ఖనిజాన్ని ఎర్రగా చూపే రంగు) వేద్దామంటే అడుగున ఏమీ మిగలడం లేదు.

మాధ్యమంలో కలిపే సీరం మీద అనుమానం లేదు, అదే సీరంతో కంట్రోల్ బావులు (పోల్చడానికి ఈ మందులు లేకుండా ఉంచినవి) గట్టిగా అంటుకునే ఉన్నాయి. ఆస్కార్బేట్ వల్ల కొలాజెన్ పెరిగి పొర బిగుసుకుంటోందేమో. కణాలను సగానికి తగ్గిస్తే ఆగుతుందా? అడుగున జెలటిన్ పూత చాలా, ఫైబ్రోనెక్టిన్ (కణాలు అంటుకోవడానికి తోడ్పడే ప్రోటీన్) కావాలా? మాధ్యమం సగమే మార్చితే ఖనిజం చేరడం తగ్గుతుందా?