‘చేపట్టాడు’ అందామా, ‘ఒడిలోకి తీసుకున్నాడు’ అందామా?

ప్రశ్న: రోమ్ నగరపు పాత సమాధి రాతి మీది లాటిన్ పద్యాన్ని తెలుగులోకి తెస్తున్నాను. భార్య మాటల్లో ‘గ్రెమియో ఇప్సె రెకేపిత్’ అన్నచోట ఆగిపోయాను. భార్యాభర్తల సంగతే కదా, ‘నన్ను చేపట్టాడు’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదనే నా అభిప్రాయమండీ. ‘చేపట్టాడు’ అంటే తెలుగు చెవికి పెళ్లి తప్ప ఇంకేమీ వినపడదు. అక్కడున్న మాట చేయి కాదు, ఒడి. పాదం మొత్తం చూడండి: ‘సెప్తెమ్ మే నాతమ్ అన్నోరుమ్ గ్రెమియో ఇప్సె రెకేపిత్’. ఏడేళ్ల పిల్లను, నన్ను తానే ఒడిలోకి తీసుకున్నాడు అని. దాని ముందు పాదం ఏమంటోంది? నిజంగా ఆయన నాకు కన్నవారి కంటే ఎక్కువ అంటోంది. కన్నవారిని తలుచుకున్న వెంటనే ఒడి మాట ఎత్తింది. ఆ వరస చెడగొట్టకూడదు.

గుంపులో కొత్తవారి కోసం ఆ రాతి సంగతి కాస్త చెబుతాను. అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 80 ప్రాంతంలో చెక్కింది, రోమ్‌లో నోమెంతానా దారి పక్కన దొరికింది. మధ్యలో ఇద్దరి బొమ్మలు, ఒక పక్క భర్త మాటలు, ఇంకో పక్క భార్య మాటలు. ఆయన లూకియుస్ ఔరేలియుస్ హెర్మియా, రోమ్‌లోని విమినాల్ కొండ మీద మాంసం వ్యాపారి. ఆమె ఔరేలియా ఫిలెమాతియుమ్. ఇద్దరూ ఒకే ఇంట బానిసలుగా ఉండి విడుదలైనవాళ్లు. పుట్టుకతో స్వతంత్రుడైన రోమన్ తన పేరులో ‘ఫలానావారి కొడుకు’ అని రాసుకునే చోట వీళ్లిద్దరికీ ‘లూకియుస్ విడిచిపెట్టిన’ అని ఉంటుంది. బానిసకు చట్టం దృష్టిలో తండ్రి లేడు మరి.

ఇలాంటివాళ్లు రాతి మీద తమ ముఖాలు చెక్కించుకోవడం ఎంత పెద్ద సంగతో తెలియాలంటే, రోమ్‌లో పూర్వీకుల ముఖాలను ఎవరు భద్రంగా ఉంచుకునేవారో గుర్తుంచుకోవాలి. పెద్ద పదవులు చేసిన వంశాల వాళ్లు పూర్వీకుల మైనపు ముఖాలను ఇంటి ముందరి హాలులో పెట్టెల్లో భద్రపరిచేవారు. ఇంట్లో చావు జరిగితే వాటిని మనుషులకు తొడిగి ఊరేగింపులో నడిపించేవారు. గ్రీకు చరిత్రకారుడు పోలిబియుస్ దీన్ని కళ్లకు కట్టినట్టు రాశాడు. హెర్మియాకు అలాంటి హాలూ లేదు, తాతల ముఖాలూ లేవు. ఊరి లోపల పూడ్చడం నిషేధం కాబట్టి సమాధులు ఊరి బయటి దారుల వెంటే ఉండేవి. విడుదలైన బానిసలు ఆ దారి పక్కనే తమ ముఖాలు చెక్కించుకున్నారు, వచ్చేపోయేవాళ్లంతా చూసేలా. రోమన్ కళలో నాకు చక్రవర్తుల విగ్రహాల కంటే ఈ రాళ్లే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు బొమ్మ చూడండి. ఫిలెమాతియుమ్ తల మీద ముసుగు, కొద్దిగా ముందుకు వంగి, భర్త కుడిచేతిని పైకెత్తి పెదవులకు ఆనించుకుంటోంది. ఆమె పేరు గ్రీకు మాట, అర్థం ‘చిన్ని ముద్దు’. బానిసలకు పేర్లు పెట్టేది యజమానులే. ఎవరో పెట్టిన ఆ పేరును చెక్కినవాడు ఆమె చేతనే నిజం చేయించాడు. కాబట్టి చేతులు కలిసిన సంగతి బొమ్మలోనే ఉంది. పద్యంలోనూ ‘చేపట్టాడు’ అని రాస్తే బొమ్మ చెప్పినదాన్నే మళ్లీ చెప్పినట్టవుతుంది. బొమ్మలో కనపడనిది ఏడేళ్ల పిల్ల. ఆ పిల్ల ఉన్నది ఒక్క ‘ఒడి’ అన్న మాటలోనే.

ప్రశ్న: మరి అది పెంపకమా, పెళ్లా? చదివేవాళ్లకు తేల్చి చెప్పొద్దా?

జవాబు: పండితుల్లో రెండు రకాలుగా చదివినవాళ్లూ ఉన్నారు. బానిసలకు చట్టప్రకారం పెళ్లే లేదు, కలిసి బతకడమే ఉండేది. ఎప్పుడు ఆదరణ కాస్తా కాపురమైందో రాయి చెప్పదు. ఏడేళ్ల పిల్ల అనగానే మనకు కలిగే ఇబ్బందిని తర్జుమాలో సర్దేయకండి, అలాగే దాన్ని ఇంకా పెంచి రాయకండి. ‘అక్కున చేర్చుకున్నాడు’ అనడమూ నాకు నచ్చదు, మరీ సినిమా పాటలా ఉంటుంది. ‘ఒడిలోకి తీసుకున్నాడు’ చాలు.

ప్రశ్న: ‘తీసుకున్నాడు’ అంటున్నారు, మళ్లీ ‘ఆయన’ అంటున్నారు. మాష్టారూ, ఏదో ఒకటి చేయాలి కదా?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. లాటిన్‌లో ఈ బాధ లేదు, ‘ఇప్సె’ అంటే ‘తానే’, అంతే. గౌరవం, చనువు అన్న తేడా క్రియలో పడదు. మనకు మాత్రం భార్య నోట ‘డు’ పెట్టాలా, ‘రు’ పెట్టాలా అన్నది తేల్చుకోకుండా ఒక్క వాక్యం కదలదు. ‘తీసుకున్నారు’ అంటే ఆమె ఇల్లాలిగా మారిపోయి, తోటి బానిస అన్న సంగతి వెనక్కి పోతుంది. పద్యంలోనే ఆమె అతన్ని ‘తోటి విముక్తుడు’ అంటోంది. అందుకే ‘తాను’ వాడి ‘తీసుకున్నాడు’ అని ముగిస్తాను. ‘ఆయన’ అన్నది చర్చలో నా నోటి అలవాటు, పద్యంలోకి రానివ్వను.

ఆ పాదాలకు నా వచనం:

‘బతికుండగా నన్ను ఔరేలియా ఫిలెమాతియుమ్ అన్నారు. శీలం, బిడియం ఉన్నదాన్ని, వీధి ఎరగనిదాన్ని, మగడిని నమ్ముకున్నదాన్ని. నా మగడు నా తోటి విముక్తుడే, అయ్యో, వాడు లేక ఉన్నాను. నిజంగా వాడు నాకు కన్నవారి కంటే ఎక్కువ. ఏడేళ్ల పిల్లను, తానే నన్ను ఒడిలోకి తీసుకున్నాడు. నలభై ఏళ్లకు చావు చేతికి చిక్కాను.’

‘వాడు లేక ఉన్నాను’ దగ్గర పొరబడకండి. ముందు పోయింది ఆమె, భర్త తన పద్యంలో ఆ మాటే అంటాడు. బతికున్నవాడు దూరమైనందుకు చనిపోయినామె ‘అయ్యో’ అంటోంది. లాటిన్‌లో ఆ అయ్యో ‘ఎహెయు’.

ప్రశ్న: రాతి మీద ‘నాతమ్’ అన్నచోట ‘అ’ రెండుసార్లు ఉంది. చెక్కినవాడి తప్పా?

జవాబు: కాదు. లాటిన్ లిపిలో దీర్ఘానికి వేరే అక్షరం లేదు. ఆ కాలంలో కొందరు దీర్ఘం తెలిసేలా అచ్చును రెండుసార్లు రాసేవారు. భర్త వైపు ‘ఫాతో’ అన్న మాటలోనూ అలాగే ఉంది. మన లిపిలో ‘నా’ అని రాసేస్తే సరిపోతుంది, రెండు ‘అ’లు పెట్టి తికమక పెట్టకండి.

భర్త వైపు పద్యం కూడా మొదలుపెట్టండి. అందులో ‘ఫీదో ఫీదా విరో’ అని ఉంది, నమ్మకస్తుడైన మగడికి నమ్మకస్తురాలు అని. ఒకే మాటను మగవాడికీ ఆడదానికీ పక్కపక్కన పెట్టాడు. తెలుగులో దాన్ని అంత పొట్టిగా ఎలా అనాలో నాకింకా తట్టలేదు, ఎవరికైనా తడితే కింద రాయండి.